జావాలో కిక్కురుమనని ఇంపోర్ట్ పైథాన్‌లో ఎందుకింత గోల పెడుతోంది?

కోనసీమ కుర్రాడు (నిన్న రాత్రి 11:40)

అన్నలూ అక్కలూ, ఒక చిక్కులో పడ్డాను, కాస్త విడదీయండి. ఇంజనీరింగ్ మొత్తం జావాతోనే లాగించాను, పైథాన్ రెండు నెలల నుంచి సొంతంగా నేర్చుకుంటున్నా. నా గొడవంతా ఇంపోర్ట్ గురించి, అంటే ఒక ఫైల్లో రాసింది ఇంకో ఫైల్లో వాడుకోవడానికి పెట్టే లైను. మా బాబాయికి ఎరువుల షాపు ఉంది. అరువు ఖాతాలన్నీ ఇప్పటికీ పుస్తకంలోనే రాస్తాడు, ఎవరు ఎన్ని బస్తాల యూరియా పట్టుకెళ్లారు, కోతలయ్యాక ఎంత జమ చేశారు అని. దానికో చిన్న ప్రోగ్రాం చేసిస్తానని సంక్రాంతికి వెళ్లినప్పుడు నోరు జారాను, ఇప్పుడు రోజూ ఫోన్ చేసి ఎంతవరకు వచ్చిందిరా అంటున్నాడు.

ఫైళ్లు మూడే. కస్టమర్ ఫైల్లో కస్టమర్ క్లాసు ఉంది, దాంట్లో కొత్త బిల్లు వేసే మెథడ్ ఉంది కాబట్టి మొదటి లైన్లోనే బిల్లు ఫైలు నుంచి బిల్లు క్లాసుని ఇంపోర్ట్ చేశా. బిల్లు ఫైల్లో బిల్లు క్లాసు, అది ఎవరి బిల్లో తెలియాలి కదా, అందుకని అక్కడ కూడా మొదటి లైన్లో కస్టమర్ క్లాసుని ఇంపోర్ట్ చేశా. మెయిన్ ఫైలు కస్టమర్‌ని ఇంపోర్ట్ చేసుకుని మెనూ చూపిస్తుంది, అంతే.

మెయిన్ నడిపితే ఇంపోర్ట్ ఎర్రర్. కస్టమర్ మాడ్యూల్ సగమే తయారైంది, అందులోంచి కస్టమర్ అనే పేరు తీసుకోలేను, బహుశా సర్క్యులర్ ఇంపోర్ట్ (ఫైళ్లు ఒకదాన్నొకటి ఇంపోర్ట్ చేసుకుంటూ చక్రంలా తిరగడం) వల్ల అయ్యుంటుంది అంటోంది. సరే అని కస్టమర్ ఫైలునే నేరుగా నడిపి చూశా. ఈసారి కస్టమర్‌ని ఏమీ అనలేదు, బిల్లు మాడ్యూల్ సగమే తయారైంది, బిల్లు అనే పేరు దొరకట్లేదు అని మాట మార్చేసింది! ఈ రెండింటికీ మధ్య నేను కోడ్‌లో ఒక్క అక్షరం ముట్టుకోలేదు.

జావాలో రెండు క్లాసులు ఒకదాన్నొకటి ఇంపోర్ట్ చేసుకోవడం ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు, కంపైలర్ ఎప్పుడూ కిక్కురుమనలేదు. మరి ఇక్కడేంటి ఈ గోల? ఇంపోర్ట్ అంటే అన్ని భాషల్లోనూ ఒకటే కాదా?

---

త్వరగా చెప్పేస్తా (11:52)

బిల్లు ఇంపోర్ట్ లైన్ని ఫైలు పైనుంచి తీసేసి, కొత్త బిల్లు వేసే మెథడ్ లోపల పెట్టు. పనైపోతుంది. పడుకో బ్రో.

---

కోనసీమ కుర్రాడు (నిన్న రాత్రి 12:05)

పెట్టా అన్నా, పనిచేసింది, థాంక్స్. కానీ ఎందుకు పనిచేసిందో తెలియకపోతే నిద్ర పట్టేలా లేదు. ఇంకో టెన్షన్, మెథడ్ లోపల పెడితే బిల్లు వేసిన ప్రతిసారీ ఆ ఫైలు మళ్లీ చదువుతుందా? సీజన్లో రోజుకి రెండొందల బిల్లులు వేస్తారు.

---

పాములవాడు (ఈరోజు ఉదయం 7:15)

ముందు నీ రెండో ప్రశ్న, అది చిన్నది. చదవదు. మొదటిసారి మాత్రమే ఫైలు తెరుస్తుంది, ఆ తర్వాత నుంచి ఒక డిక్షనరీలో పేరు ఉందో లేదో చూసి తీసుకుంటుంది, రెండొందలు కాదు రెండు లక్షల బిల్లులైనా నీకు తేడా తెలియదు.

ఇక అసలు సంగతి. నువ్వు జావా నుంచి వచ్చావు కాబట్టి ఇంపోర్ట్ అనేది ఒక ప్రకటన అనుకుంటున్నావు, అంటే "నేను ఫలానా క్లాసు వాడుకుంటాను" అని కంపైలర్‌కి ముందే చెప్పి పెట్టడం. పైథాన్‌లో అది ప్రకటన కాదు తమ్ముడూ, పని. ప్రింట్ లాగా, ఫర్ లూప్ లాగా, ప్రోగ్రాం నడుస్తూ నడుస్తూ ఆ లైను దగ్గరికి వచ్చినప్పుడు జరిగే పని. ఏం పనంటే, ఆ పేరుతో ఉన్న ఫైలుని వెతికి, పైనుంచి కింది దాకా మొత్తం నడిపించి, అలా నడిచాక అందులో మిగిలిన పేర్లన్నిటినీ ఒక మాడ్యూల్ వస్తువుగా నీ చేతిలో పెట్టడం. క్లాస్ అనే మాట కూడా అంతే, ఆ లైను నడిచిన తర్వాతే ఆ క్లాసు పుడుతుంది, అంతకు ముందు ఆ పేరే లేదు. నమ్మకం లేకపోతే బిల్లు ఫైల్లో మెథడ్ల బయట ఒక ప్రింట్ పెట్టి మెయిన్ నుంచి ఇంపోర్ట్ చేసి చూడు, ప్రింట్ అవుతుంది.

నడిపించే ముందు ఇంకో పని చేస్తుంది, నీ ఎర్రర్ మొత్తం అక్కడే ఉంది. సిస్ డాట్ మాడ్యూల్స్ అని ఒక డిక్షనరీ ఉంటుంది, దాన్ని బడిలో హాజరు పట్టీ అనుకో. పిల్లాడు గేటు దాటగానే పేరు పట్టీలో పడిపోతుంది, ఇంకా క్లాసులోకి వచ్చి బెంచీ మీద కూర్చోకపోయినా సరే. ఎవరైనా ఆ పేరు ఇంపోర్ట్ అనగానే పైథాన్ ముందు పట్టీ చూస్తుంది, పేరుంటే ఇక ఫైలు జోలికి వెళ్లదు.

ఇప్పుడు నీ మెయిన్ నడిపిద్దాం. మెయిన్ కస్టమర్‌ని అడిగింది. పట్టీలో కస్టమర్ పేరు పడింది, ఫైలు నడవడం మొదలైంది. మొదటి లైనే బిల్లు కావాలంది. బిల్లు పేరు పట్టీలో పడింది, బిల్లు ఫైలు నడవడం మొదలైంది, దాని మొదటి లైను కస్టమర్ మాడ్యూల్లోంచి కస్టమర్ క్లాసు కావాలంది. పట్టీ చూస్తే పేరుంది, లోపలికి తొంగి చూస్తే క్లాసు లేదు, ఎందుకంటే కస్టమర్ ఫైలు ఇంకా మొదటి లైన్లోనే బిల్లు కోసం ఎదురుచూస్తూ నిలబడి ఉంది. సగమే తయారైంది అని వచ్చిన మాటకి అర్థం అదే. 3.8 వెర్షన్‌కి ముందైతే సర్క్యులర్ అయ్యుంటుందనే సూచన కూడా ఇచ్చేది కాదు, పేరు దొరకలేదని చెప్పి వదిలేసేది, మేమంతా స్పెల్లింగ్ తప్పేమో అని గంటలు గంటలు చూసుకునేవాళ్లం.

కస్టమర్ ఫైలునే నేరుగా నడిపితే మాట ఎందుకు మారింది? నేరుగా నడిపిన ఫైలు పట్టీలో తన సొంత పేరుతో పడదు, అటూ ఇటూ రెండేసి అండర్‌స్కోర్లున్న మెయిన్ అనే పేరుతో పడుతుంది. కాబట్టి బిల్లు వచ్చి కస్టమర్ కావాలి అన్నప్పుడు పట్టీలో ఆ పేరే లేదు, పైథాన్ అదే ఫైలుని రెండోసారి, కొత్త మాడ్యూల్ అనుకుని మొదలుపెట్టింది. ఆ రెండో కాపీ మొదటి లైన్లో బిల్లు అడిగింది, బిల్లు పట్టీలో ఉంది కానీ దానికింకా క్లాసు పుట్టలేదు. అందుకే ఈసారి నింద బిల్లు మీద పడింది. చక్రం అదే, తిరగడం మొదలైన చోటే వేరు.

త్వరగా చెప్పేస్తా గారి మందు ఎందుకు పనిచేసిందో ఇప్పుడు నీకే తెలిసిపోవాలి, మెథడ్ పిలిచే టైముకి కస్టమర్ ఫైలు పూర్తిగా నడిచి కూర్చుని ఉంటుంది, బిల్లు ఫైలు అప్పుడే మొదలైనా దానికి కస్టమర్ క్లాసు దొరుకుతుంది. కానీ నాకది మూలకారణాన్ని కప్పిపెట్టినట్టు ఉంటుంది. ఒకటి అడుగుతా చెప్పు: బిల్లు క్లాసులో కస్టమర్ అనే పేరుని నువ్వు ఎక్కడెక్కడ వాడుతున్నావు?

---

కోనసీమ కుర్రాడు (7:48)

అన్నా, హాజరు పట్టీ దెబ్బకి బల్బు వెలిగింది. వెతికా. బిల్లు క్లాసులో ఇనిట్‌కి (కొత్త బిల్లు తయారయ్యేటప్పుడు నడిచే మెథడ్) వచ్చే పారామీటర్ పక్కన టైపు రాశా, కస్టమర్ అని. ఇంకెక్కడా లేదు. జావా అలవాటు, టైపు రాయకపోతే చెయ్యి ఊరుకోదు.

---

పాములవాడు (8:02)

అదే అనుకున్నా. నువ్వు రాసిన కోడ్‌లో బిల్లుకి కస్టమర్ క్లాసుతో అసలు పనే లేదు, చేతికిచ్చిన వస్తువుని పట్టుకుంటుంది అంతే. చదివేవాళ్ల కోసం, ఎడిటర్ కోసం రాసిన టైపు పేరు ఒక్కటి ఈ చక్రాన్ని తిప్పింది. టైపింగ్ మాడ్యూల్లో టైప్ చెకింగ్ అని పెద్దక్షరాల్లో ఒక పేరు ఉంటుంది, ప్రోగ్రాం నడిచేటప్పుడు అది ఎప్పుడూ ఫాల్స్, టైపులు తనిఖీ చేసే టూల్స్ మాత్రం ట్రూ అనుకుంటాయి. ఇఫ్ టైప్ చెకింగ్ అని రాసి కస్టమర్ ఇంపోర్ట్‌ని ఆ ఇఫ్ కింద పెట్టి, పారామీటర్ పక్కన ఉన్న కస్టమర్ అనే టైపుకి కోట్స్ తగిలించు. 2025లో వచ్చిన 3.14లో టైపు సూచనల్ని అడిగినప్పుడే లెక్కకడుతుంది కాబట్టి కోట్స్ కూడా అక్కర్లేదు, షాపు కంప్యూటర్లో ఏ వెర్షన్ ఉందో చూసుకో. అప్పుడు కస్టమర్ ఫైలు పైన బిల్లు ఇంపోర్ట్ మళ్లీ మామూలుగా రాసుకోవచ్చు.

జావా ఎందుకు ఊరుకుంటుందో ఎవరైనా చెప్పండి, నాకు ఆఫీసు బస్సు టైమైంది.

---

త్వరగా చెప్పేస్తా (8:10)

కప్పిపెట్టినట్టు అన్నారు, బాగుంది. కానీ ఫంక్షన్ లోపల ఇంపోర్ట్ ప్రతిసారీ తప్పేం కాదు గురువుగారూ. నెలకోసారి ఎక్సెల్ రిపోర్ట్ తీసే ఫంక్షన్ ఒకటుంటే, దానికోసం పాండాస్ లాంటి బరువైన లైబ్రరీని ప్రోగ్రాం తెరిచిన ప్రతిసారీ ఎత్తుకోవడం దేనికి? అక్కడ లోపల పెట్టడమే మేలు.

---

నీలితెర (9:30)

జావా సంగతి నేను చెప్తాను బాబూ, కానీ సీ భాష నుంచి మొదలుపెడితే గాని నాకు ఊపు రాదు. మా తరం టర్బో సీ నీలం తెర మీద నేర్చుకున్నవాళ్లం, హాష్ ఇన్‌క్లూడ్ అని రాసి హెడర్ పేరు పెడితే ప్రింట్ఎఫ్ వచ్చేస్తుందని ల్యాబ్ రికార్డులో రాసి సంతకం కూడా పెట్టించుకున్నాం. రాదు! హాష్ ఇన్‌క్లూడ్ చేసేది అచ్చంగా కత్తిరించి అతికించే పని, కంపైలర్ కంటే ముందే ప్రీప్రాసెసర్ ఆ హెడర్ ఫైల్లోని అక్షరాలన్నీ తెచ్చి ఆ లైను ఉన్నచోట పోసేస్తుంది. దానికి మాడ్యూల్ తెలియదు, క్లాసు తెలియదు, అది సీ కోడో కూరగాయల చీటీయో కూడా తెలియదు. జీసీసీ అనే సీ కంపైలర్‌కి మైనస్ పెద్ద ఈ ఇచ్చి చిన్న ప్రోగ్రాం నడిపి చూడు, నువ్వు రాసిన ఐదు లైన్ల పైన వందల లైన్లు వచ్చి కూర్చుంటాయి, సీ ప్లస్ ప్లస్‌లో ఐఓస్ట్రీమ్ అయితే వేలకి వేలు. అలా వచ్చేది కూడా ప్రింట్ఎఫ్ కోడ్ కాదు, ప్రింట్ఎఫ్ అని ఒకడున్నాడు, వాడికి ఇవిచ్చి ఇవి పుచ్చుకోవచ్చు అనే మాట మాత్రమే. అసలు మనిషిని తెచ్చేది చివర్లో లింకర్. మ్యాథ్ హెడర్ పెట్టి కూడా లినక్స్‌లో స్క్వేర్ రూట్ దొరకలేదని ఎర్రర్ తిన్నవాళ్లు ఇక్కడ కొందరైనా ఉంటారు, మైనస్ ఎల్ ఎం అని లింకర్‌కి మ్యాథ్ లైబ్రరీ పేరు చెప్పేదాకా ఊరుకోదు.

నీ కస్టమర్, బిల్లు గొడవ సీలో కూడా ఉంది. రెండు హెడర్లు ఒకదాన్నొకటి అతికించుకుంటే అంతూ పొంతూ ఉండదు, అందుకే ఒకసారి వచ్చింది మళ్లీ రాకుండా గార్డ్ పెడతాం, ఇఫ్‌నాట్‌డెఫ్ అని. గార్డ్ పెట్టినా రెండిట్లో ఒకటి ముందొస్తుంది కదా, ముందొచ్చినవాడికి రెండోవాడెవడో తెలియదు, తెలియని టైపు అని తిడుతుంది. మేమేం చేస్తామంటే స్ట్రక్ట్ కస్టమర్ అని ఒట్టి పేరు ఒక లైను రాసి, లోపల పాయింటర్ మాత్రమే పెట్టుకుంటాం. పాములవాడు గారు చెప్పిన ఆ కోట్స్ ఉపాయం చూసి నవ్వొచ్చింది, మా పాత చిట్కాయే చొక్కా మార్చుకుని వచ్చింది.

ఇక జావా. అక్కడ ఇంపోర్ట్ దేన్నీ నడపదు, దేన్నీ తీసుకురాదు. పొడుగు పేరుకి పొట్టి పేరు పెట్టుకోవడం, అంతే. జావా డాట్ యుటిల్ డాట్ అర్రేలిస్ట్ అని ప్రతిచోటా పూర్తిగా రాస్తే ఒక్క ఇంపోర్ట్ లేకుండా ప్రోగ్రాం మొత్తం రాయొచ్చు. కంపైల్ అయ్యాక క్లాస్ ఫైల్లో ఆ ఇంపోర్ట్ లైన్లు ఉండనే ఉండవు, అన్నీ పూర్తి పేర్లే. జావా కంపైలర్ జావాసీ అన్ని ఫైళ్లలో ఏమేం క్లాసులున్నాయో ముందు చూసుకుని, తర్వాత లోపలి కోడ్ సంగతి చూస్తుంది, అందుకే నువ్వు దాన్ని, అది నిన్ను పిలిచినా ఇబ్బంది లేదు. పైగా నీ కస్టమర్, బిల్లు ఒకే ప్యాకేజీలో ఉంటే ఇంపోర్ట్ అవసరమే లేదు, నువ్వు అలవాటుగా రాసి ఉంటావు. క్లాసుని నిజంగా ఎత్తుకుని తయారుచేసేది ప్రోగ్రాంని నడిపించే జేవీఎం, అదీ మొదటిసారి వాడినప్పుడు. స్టార్ పెట్టి ప్యాకేజీ మొత్తం ఇంపోర్ట్ చేస్తే ప్రోగ్రాం బరువైపోతుందని ఇంటర్వ్యూల్లో చెప్పేవాళ్లని ఇప్పటికీ చూస్తుంటాను, నడిచేటప్పుడు దానికి పైసా ఖర్చు లేదు.

అయితే జావాని మరీ నెత్తికెత్తుకోకు. రెండు క్లాసుల స్టాటిక్ ఫీల్డులు ఒకదాని విలువ కోసం ఇంకోటి చూసుకునేలా రాసి చూడు, ఇదే చక్రం అక్కడ తిరుగుతుంది, పైథాన్ కనీసం అరుస్తుంది, జావా చడీచప్పుడు లేకుండా నల్, అంటే ఖాళీ విలువ, చేతిలో పెడుతుంది.

---

బగ్గుల మూట (10:05)

ఇంపోర్ట్ కబుర్లు కాబట్టి నా పరువు నేనే తీసుకుంటా. మొదటి ఉద్యోగంలో మెయిల్ పంపే స్క్రిప్ట్ రాసి దానికి ఈమెయిల్ అనే పేరు పెట్టా. మెయిల్ పంపే లైబ్రరీ ఎస్‌ఎంటీపీలిబ్ ఇంపోర్ట్ చేయగానే, ఈమెయిల్ అనేది ప్యాకేజీ కాదు అని ఎర్రర్. రోజంతా సర్వర్ వాళ్లని సతాయించాను. చివరికి తేలిందేంటంటే ఆ లైబ్రరీకి లోపల పైథాన్ సొంత ఈమెయిల్ ప్యాకేజీ కావాలి, పైథాన్ వెతికేటప్పుడు ముందు స్క్రిప్ట్ ఉన్న ఫోల్డరే చూస్తుంది, అక్కడ నా ఫైలు దొరికింది, ఆగిపోయింది. తమ్ముడూ, నీ ఫైళ్లకి క్యాలెండర్, ర్యాండమ్ లాంటి పేర్లు పెట్టకు. కొత్త వెర్షన్లు, 3.13 నుంచి, ఈ ఫైలు పేరు మార్చుకో నాయనా అని ఎర్రర్‌లోనే చెప్తున్నాయి, మా రోజుల్లో ఆ దయ లేదు.

---

నోడు ముడి (11:20)

జావాస్క్రిప్ట్ వాళ్లం మేమెందుకు వెనకబడాలి, మాకు ఒకటి కాదు రెండు పద్ధతులున్నాయి, రెండిట్లో రెండు రకాల బాధలు.

పాతది రిక్వైర్, బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్ నడిపే నోడ్ 2009లో వచ్చినప్పటి నుంచీ ఉంది. అది దాదాపు మీ పైథాన్ లాగే, మామూలు ఫంక్షన్, పిలిస్తే ఫైలు నడుస్తుంది, ఫలితం దాచుకుంటుంది. చక్రం పడితే మాత్రం పైథాన్‌లా ఆగి చెప్పదు, అప్పటికి ఎంత తయారైతే అంత, చాలాసార్లు ఒక ఖాళీ వస్తువు, చేతిలో పెట్టి సాగిపోతుంది. మీరు తర్వాతెప్పుడో న్యూ బిల్లు అంటే అది కన్‌స్ట్రక్టర్ కాదు అని ఎక్కడో వేరే ఫైల్లో పేలుతుంది. అసలు దోషి ఇంపోర్ట్ అని ఊహించడానికే పూట పడుతుంది.

కొత్తది 2015 స్టాండర్డ్‌లో వచ్చిన ఇంపోర్ట్. ఇది జావాకీ పైథాన్‌కీ మధ్యలో ఉంటుంది. ముందు ఏ కోడూ నడపకుండా ఫైళ్లన్నీ చదివి ఎవరికి ఎవరు కావాలో చూసి పేర్లని తీగలతో కలిపేస్తుంది, ఆ తర్వాతే వరసగా నడుపుతుంది. అందుకే పై లెవెల్లో తప్ప ఇఫ్ లోపల మామూలు ఇంపోర్ట్ రాయనివ్వదు. తీగ అని ఎందుకన్నానంటే అది విలువ కాపీ కాదు, అవతలి ఫైల్లో విలువ మారితే ఇక్కడా మారినట్టు కనిపిస్తుంది. చక్రంలో ఫంక్షన్లు ఉంటే బాగానే నడిచిపోతుంది, క్లాసుని తొందరపడి ముట్టుకుంటే మాత్రం తయారవ్వకముందే వాడావు అని అరుస్తుంది.

కోనసీమ తమ్ముడూ, పైథాన్‌లో ఆ తీగ లేదు, జాగ్రత్త. సెట్టింగ్స్ ఫైల్లో జీఎస్టీ రేటు 5 అని పెట్టి, బిల్లులో ఫ్రమ్ సెట్టింగ్స్ ఇంపోర్ట్ రేటు అని తెచ్చుకున్నావనుకో, ప్రోగ్రాం నడుస్తుండగా సెట్టింగ్స్‌లో రేటు మార్చినా బిల్లు దగ్గర పాత 5 అలాగే ఉంటుంది. సెట్టింగ్స్‌ని మొత్తంగా ఇంపోర్ట్ చేసి సెట్టింగ్స్ డాట్ రేటు అని వాడుకో. నిజానికి నీ మొదటి ఎర్రర్ కూడా ఇలా రాసుంటే అంత దూరం వచ్చేది కాదు, ఎందుకంటే డాట్ తర్వాత పేరుని వాడినప్పుడే వెతుకుతుంది, ఇంపోర్ట్ లైను దగ్గర కాదు. 3.14 కంటే పాత వెర్షన్ అయితే టైపుకి కోట్స్ మాత్రం అప్పుడూ పెట్టాలి, లేకపోతే డెఫ్ లైను దగ్గరే వెతుకుతుంది.

---

గోపాలం (11:45)

మా గో భాషలో ఈ చర్చే ఉండదు. రెండు ప్యాకేజీలు ఒకదాన్నొకటి ఇంపోర్ట్ చేసుకుంటే ఇంపోర్ట్ సైకిల్ నాట్ అలౌడ్ అని కంపైలే అవ్వదు. ఇంపోర్ట్ చేసి వాడకపోయినా కంపైల్ అవ్వదు. కడుపు నిండా తిట్టుకున్నాను మొదటి వారం.

---

నోడు ముడి (11:51)

గోపాలం గారూ, డీబగ్ చేస్తూ ఒక ప్రింట్ లైను కామెంట్ చేస్తే పైన ఇంపోర్ట్ కూడా తీసేయాలి, మళ్లీ ప్రింట్ కావాలంటే మళ్లీ పెట్టాలి. దాన్ని గొప్పగా చెప్తున్నారా?

---

గోపాలం (11:58)

ఇప్పుడు ఆ తీసేయడం, పెట్టడం ఎడిటరే చూసుకుంటుందండీ, సేవ్ కొడితే చాలు. చక్రం సంగతికొస్తే, గోలో ప్యాకేజీ అంటే ఫోల్డరు. కస్టమర్, బిల్లు ఒకే ఫోల్డర్లో ఉంటే వాటి మధ్య ఇంపోర్టే లేదు, ఎన్నిసార్లైనా పిలుచుకోవచ్చు. వేరే ఫోల్డర్లలో పెట్టి కూడా ఇద్దరూ ఒకర్నొకరు వదలట్లేదంటే అవి వేరు కాపురాలు కావని నా లెక్క, కలిపి ఒకచోట పెట్టడమో, ఇద్దరికీ కావాల్సింది మూడో చోట పెట్టడమో చేయాలి. పైథాన్‌లో కూడా కస్టమర్, బిల్లు ఒకే ఫైల్లో పెడితే ఏం పోయింది? రెండూ కలిపి ఎన్ని లైన్లు?

---

కోనసీమ కుర్రాడు (మధ్యాహ్నం 1:30)

అందరికీ పేరుపేరునా థాంక్స్. గోపాలం గారూ, రెండూ కలిపి నూట నలభై లైన్లు. ఒక్కో క్లాసుకి ఒక్కో ఫైలు ఉండాలనేది జావాలో పట్టిన అలవాటు, ఇక్కడ ఆ రూలే లేదని ఇప్పుడు తట్టింది. ముందు పాములవాడు అన్న చెప్పినట్టు టైప్ చెకింగ్, కోట్స్ పెట్టి చూశా, మెయిన్ నడిచింది, కస్టమర్ నేరుగా నడిపినా నడిచింది. తర్వాత రెండిటినీ ఖాతా అనే ఒకే ఫైల్లో కలిపేసి ఆ ఇఫ్‌ని తీసేశా. కోట్స్ మాత్రం ఉంచాను, బిల్లు క్లాసు పైన ఉంది కాబట్టి తీసేస్తే కస్టమర్ ఎవరని మళ్లీ అడుగుతోంది.

బగ్గుల మూట అన్నా, మీ పోస్టు చూశాక భయమేసి ఫోల్డరు చూసుకున్నా. తేదీల కోసం రాసుకున్న ఫైలు పేరు డేట్‌టైమ్ అని ఉంది.

---

బగ్గుల మూట (1:34)

మార్చు. ఇప్పుడే మార్చు.